జనాన్ని కథలో ముంచాలా, ఒడ్డున నిలబెట్టాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీ బృందం ఒక కొత్త నాటకం వేస్తోంది. ఉద్యోగం పోతుందన్న భయంతో తోటి ఉద్యోగి మీద తప్పుడు సాక్ష్యం చెప్పిన ఒక గుమస్తా కథ. మీలో కొందరు రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ పద్ధతిలో సహజంగా చేద్దాం, జనం కళ్లు తడవాలి అంటున్నారు. ఇంకొందరు జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ పద్ధతిలో, జనం కథలో మునిగిపోకుండా దూరంగా నిలబడి ఆలోచించేలా చేద్దాం, జనం ఏడిస్తే నాటకం ఓడిపోయినట్టే అంటున్నారు. రెండూ కలిపితే కలగాపులగం అవుతుందేమోనని మీకు టెన్షన్. సీన్ల మధ్య, జరగబోయేది రాసిన బోర్డులు పెట్టాలా వద్దా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే, కలపొచ్చు. మంచి ప్రదర్శనల్లో చాలావాటిలో రెండూ ఉంటాయి. అయితే మీ వాదన మొదలైన చోటే ఒక చిక్కు ఉంది. నటన, సెట్టు ఎంత వాస్తవంగా ఉండాలన్నది ఒక ప్రశ్న. ప్రేక్షకుడు పాత్రకి ఎంత దగ్గరగా ఉండాలన్నది ఇంకో ప్రశ్న. వాస్తవంగా చేస్తే దగ్గరవుతారని, వాస్తవం తగ్గిస్తే దూరమవుతారని అందరూ అనుకుంటారు. ఇన్నేళ్లుగా నాటకాలు చేయిస్తున్నాను, ఈ లెక్క పనిచేసిన సందర్భాలు ఎన్నో తప్పినవీ అన్నే. అందుకే నాటకం మొత్తానికి ఒక పద్ధతి ఎంచుకోకండి. ప్రతి సీన్‌కీ ఒక్కటే అడగండి: ఈ నిమిషంలో ప్రేక్షకుడు ఇతని పక్కన నిలబడాలా, ఇతన్ని ఎదురుగా నిలబెట్టి చూడాలా? జవాబును బట్టి పద్ధతి దానంతటదే తేలుతుంది.

ఈ రెండు ప్రశ్నలూ ఒకటిగా ఎందుకు అతుక్కుపోయాయో చెప్తాను. వేదిక అంచున ఒక పెద్ద గోడ ఉందనుకుని, తెర అసలు లేవలేదనుకుని నటించమని ఫ్రెంచి రచయిత దిదెరో 1758లోనే రాశాడు. 'నాలుగో గోడ' అని మనం అనేది దీన్నే. కానీ హాల్లో దీపాలు వెలుగుతున్నంత కాలం జనం ఒకరినొకరు చూసుకుంటూనే ఉన్నారు, మాట్లాడుకుంటూనే ఉన్నారు. 1876లో జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ బైరాయిట్‌లోని తన థియేటర్‌లో ప్రేక్షకుల వైపు చీకటి చేశాడు. 1881లో లండన్ సవాయ్ థియేటర్‌కి కరెంటు దీపాలొచ్చాయి. 1887లో పారిస్‌లో దర్శకుడు ఆంత్వాన్ తెరిచిన థియాత్ర్ లీబ్ర్‌లో నటులు జనానికి వీపు చూపించి మాట్లాడటం మొదలుపెట్టారు. చీకట్లో కూర్చుని, వెలుగులో ఉన్న ఒక గదిలోకి తొంగిచూడటం అప్పుడు అలవాటైంది. మనం 'రియలిజం' అనగానే గుర్తొచ్చేది ఈ మొత్తం ప్యాకేజీ. అందులో చీకటిది ఒక పని, గోడది ఒక పని, సహజ నటనది మరో పని. వీటిని విడదీసి కూడా వాడుకోవచ్చు.

అదే ఆంత్వాన్ 1888లో ఒక నాటకంలో వేదిక మీద నిజం మాంసం వేలాడదీశాడు. జనం ఇప్పటికీ చెప్పుకునేది ఆ మాంసం గురించే, నాటకం గురించి కాదు. నిజమైన వస్తువుతో వచ్చే తంటా ఇదే. వేదిక మీద నిజంగా స్టవ్ వెలిగించి చూడండి, హాల్లో అందరి కళ్లూ ఆ మంట మీదే ఉంటాయి. కుక్కపిల్లని తెస్తే ఇంక నటుడిని చూసేవాడు ఉండడు. మా నాటకం ఒకదానిలో గోడకి పనిచేసే గడియారం పెట్టారు. కథలో ఒక రాత్రంతా గడుస్తుంది, గడియారంలో ముప్పావుగంటే గడిచింది. ముందు వరుసవాళ్లు మాటిమాటికీ దానివైపే చూశారు. మర్నాడు బ్యాటరీ తీసేశాం. వాస్తవం మరీ ఎక్కువైనప్పుడు ప్రేక్షకుడు కథలోంచి బయటపడతాడు అనడానికి ఇంతకన్నా చిన్న ఉదాహరణ నా దగ్గర లేదు.

రష్యన్ నాటక రచయిత చెహోవ్‌కి ఇది బాగా తెలుసు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ వాళ్లు ఆయన నాటకం 'సీగల్' రిహార్సల్ చేస్తుంటే, వేదిక వెనక కప్పలు అరుస్తాయని, కుక్కలు మొరుగుతాయని ఒక నటుడు గొప్పగా చెప్పాడట. ఎందుకని అడిగాడు చెహోవ్. వాస్తవంగా ఉంటుంది కదా అన్నాడతను. గొప్ప చిత్రకారుడు వేసిన ముఖంలో ముక్కు కోసేసి అక్కడ నిజం ముక్కు పెడితే ముక్కు వాస్తవమే, బొమ్మ మాత్రం పాడవుతుంది అన్నది చెహోవ్ జవాబు సారాంశం. ఆ బృందంలో నటుడైన మేయర్‌హోల్డ్ ఈ ముచ్చట రాసిపెట్టాడు.

ఇక స్టానిస్లావ్‌స్కీ. ఆయన పేరు చెప్పి చాలామంది నటులు చిన్నప్పటి దుఃఖాలు తవ్వుకుని వేదిక మీద ఏడుస్తుంటారు. పాత అనుభవాన్ని గుర్తుతెచ్చుకునే కసరత్తు ఆయన చేయించిన మాట నిజమే. కానీ చివరి ఏళ్లలో ఆయన దృష్టి అంతా పనుల మీదికి వెళ్లింది: ఈ పరిస్థితిలో ఈ మనిషికి ఏం కావాలి, దానికోసం ఇప్పుడేం చేస్తాడు? తలుపు గడియ పెడతాడా, ఉత్తరం దాస్తాడా? పని సరిగ్గా చేస్తే భావం వెంట వస్తుంది. మీ గుమస్తా పాత్రధారికి ఇది ముందు చెప్పండి. అతను 'భయం' నటించక్కర్లేదు. పై అధికారి గదిలోంచి బయటికొచ్చాక చేతిలో ఉన్న ఫైలు తాడు మూడుసార్లు విప్పి కట్టాలి, అంతే.

ఇప్పుడు బ్రెహ్ట్ దగ్గరికి. మీ బృందంలో రెండో వర్గం ఆయన్ని రియలిజానికి శత్రువు అనుకుంటోంది. ఆయన మాత్రం తనని తాను రియలిస్టుననే చెప్పుకున్నాడు. సమాజం ఎలా నడుస్తోందో బయటపెట్టేదే రియలిజమని, గది గోడలు అచ్చు గుద్దినట్టు కట్టడం కాదని ఆయన వాదన. నమ్మకం కుదరకపోతే ఆయన నాటకం 'మదర్ కరేజ్' చూడండి. 1949 జనవరిలో బెర్లిన్‌లో నటి హెలెనె వైగెల్ ఆ పేరుగల ముఖ్యపాత్ర వేసింది. యుద్ధంలో బండి మీద సరుకులు అమ్ముకుని బతికే తల్లి. కొడుకు ప్రాణానికి లంచం అడుగుతారు. ఆమె బేరమాడుతుంది. బేరం సాగుతుండగానే కాల్పులు వినిపిస్తాయి. వైగెల్ తల వెనక్కి వాల్చి, నోరు పూర్తిగా తెరిచింది. శబ్దం రాలేదు. సింగపూర్ మీద బాంబులు పడ్డప్పుడు చచ్చిపోయిన కొడుకు శవం మీద వంగి కూర్చున్న ఒక భారతీయ స్త్రీ పత్రికా ఫొటో నుంచి ఆ ముఖం వచ్చి ఉండొచ్చని బ్రెహ్ట్ తన నోట్స్‌లో రాసుకున్నాడు. అంటే ఎలియనేషన్ నటనకి, అంటే ప్రేక్షకుణ్ణి పాత్ర నుంచి దూరంగా నిలబెట్టే నటనకి, తిరుగులేని ఉదాహరణగా మనం చెప్పుకునే ఆ క్షణానికి మూలం బహుశా ఒక నిజమైన మనిషి ముఖం!

నాకు దానికన్నా ఇష్టమైనది చివరి సీన్‌. కూతురు కూడా చనిపోయింది. పాతిపెట్టమని రైతులకి డబ్బులివ్వాలి. వైగెల్ తోలు సంచిలోంచి నాణేలు తీస్తుంది, చూసుకుంటుంది, ఒక నాణెం మళ్లీ సంచిలో వేసుకుని మిగతావి ఇస్తుంది. ఇందులో అసహజం ఏమీ లేదు, పేదరాలైన ఏ వ్యాపారైనా చేసే పనే. కానీ ఏడవబోతున్న ప్రేక్షకుడు అక్కడ ఆగిపోతాడు. ఈమె ఇంకా లెక్క చూసుకుంటోందే అనుకుంటాడు. ఆ వెంటనే, ఈమెను ఇలా తయారుచేసింది ఏమిటి అనుకుంటాడు. దూరం అంటే ఇదే. ముఖానికి తెల్లరంగు పూసుకోవడం, మరబొమ్మలా నడవడం కాదు. మీవాళ్లు ఎవరైనా ఆ దిశలో వెళ్తుంటే ఇప్పుడే ఆపండి.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఇదే నాటకం 1941లో జ్యూరిక్‌లో మొదటిసారి వేసినప్పుడు జనం ఆమెలో తల్లి దుఃఖాన్నే చూశారు. బ్రెహ్ట్‌కి అది నచ్చక కొన్ని సీన్లు తిరగరాశాడు. బెర్లిన్‌లో వైగెల్ చేసినా ఏడ్చినవాళ్లు ఏడ్చారు. టెక్నిక్‌తో కన్నీళ్లకి తాళం వేయలేం. వేయాల్సిన అవసరం కూడా లేదు. ఏడ్చాక ఆలోచిస్తే చాలు. బ్రెహ్ట్ కూడా భావాలు వద్దనలేదు. పాత్ర ఏడుస్తోంది కాబట్టి నేనూ ఏడుస్తున్నాను అనే ఒక్క లంకెనే తెంపాలనుకున్నాడు.

దూరం గురించి సిద్ధాంతం చదవాలంటే సౌందర్యశాస్త్రవేత్త ఎడ్వర్డ్ బులో 1912లో రాసిన వ్యాసం ఇప్పటికీ ఉపయోగపడుతుంది. ఆయన ఉదాహరణ ఇది. భార్యను అనుమానిస్తున్న ఒక భర్త 'ఒథెల్లో' చూడటానికి వచ్చాడు. ఆ నాటకం అందరికన్నా అతనికే బాగా అర్థం కావాలి కదా? కాదు, అతను నాటకం చూడనే చూడడు, తన గొడవే తలచుకుంటూ కూర్చుంటాడు. దూరం మరీ తగ్గిందన్నమాట. మరీ పెరిగితే అదంతా ఎవరిదో గోల అయిపోతుంది. మంచి దూరం ఈ రెంటి మధ్య వీలైనంత తక్కువగా ఉండాలి, సున్నా మాత్రం కాకూడదు. మీ కథకి ఇది నేరుగా వర్తిస్తుంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు మీ ప్రేక్షకుల్లో చాలామంది ఉంటారు. పైవాడికి భయపడి నోరు మూసుకున్న రోజు ప్రతివాళ్లకీ ఒకటి ఉంటుంది. గుమస్తాని మరీ వాళ్ల పక్కింటివాడిలా చేస్తే, 'పాపం, ఏం చేస్తాడు' అని అతన్ని క్షమించి, ఆ పనిలో తమనీ క్షమించుకుని ఇంటికెళ్తారు.

చిన్న హాల్లో దూరం ఇంకా మొండిగా ఉంటుంది. ముందు వరుస నటికి చేయి చాపితే అందేంత దగ్గర ఉన్న చోట మేం ఒక నాటకం వేశాం. ఆమె నిజంగానే బాగా ఏడ్చేది. ముందు వరుసవాళ్లు తల దించుకుని నేల చూసేవాళ్లు. పాత్ర మీద జాలి పోయి, ఈ అమ్మాయికి ఏమైనా అవుతుందేమోనన్న ఇబ్బంది మిగిలింది. అప్పుడు ఆమెను జనానికి వీపు పెట్టి కూర్చోమన్నాను. భుజాలు మాత్రమే కనిపించాయి. తలలు లేచాయి. ఇది ఆంత్వాన్ కాలం నాటి రియలిస్టు ఉపాయమే, ఇక్కడ చేసింది మాత్రం దూరం పెంచే పని.

జనంతో నేరుగా మాట్లాడితే దూరం వస్తుందన్నది అన్నిటికన్నా పెద్ద అపోహ. మీ ప్రశ్నలో కూడా అది ఉంది. గుమస్తా మధ్యలో ముందుకొచ్చి ప్రేక్షకులతో మాట్లాడతాడని, దాంతో బ్రెహ్ట్ ఎఫెక్ట్ వస్తుందని రాశారు. జాగ్రత్త. షేక్స్‌పియర్ మూడో రిచర్డ్ హంతకుడు. అతను తన కుట్రలన్నీ మనకే చెప్తాడు. అందుకే మనం అతని పక్షం వహిస్తాం. రహస్యం పంచుకున్నవాడు స్నేహితుడైపోతాడు. మా దగ్గర ఒక మోసగాడి పాత్ర ఇలాగే జనంతో మాట్లాడేవాడు. రెండో సీన్‌కల్లా హాలంతా అతని జట్టు. అతను ముంచేసిన మనిషి వచ్చి ఏడుస్తుంటే నవ్వారు. మేం మార్చింది ఒక్కటే. అతను జనంతో మాట్లాడేటప్పుడు ఆ మోసపోయిన మనిషిని వేదిక మీదే ఉంచాం. ఆమె కదలదు, ఏమీ అనదు, అతన్ని చూస్తూ ఉంటుంది. మాటలన్నీ అవే. నవ్వు సగానికి తగ్గి, మధ్యలో తెగిపోవడం మొదలైంది. మీ నాటకంలో బలైపోయిన ఆ తోటి ఉద్యోగిని ఇలా వాడుకోవచ్చేమో చూడండి.

ఇక్కడ మన పాత సూత్రధారుడు గుర్తొస్తాడు. జనంతో నేరుగా మాట్లాడతాడు, కథ ఏమిటో ముందే చెప్తాడు. అయినా రసానికి భంగం రాదు. లోకధర్మి, నాట్యధర్మి అని రెండింటినీ పక్కపక్కనే పెట్టిన సంప్రదాయం మనది. లోకంలో ఉన్నట్టు చేయడానికీ, నాటకం కోసం మలిచి చేయడానికీ తగవు లేదు. బ్రెహ్ట్ కూడా ఇలాంటిది తూర్పున చూసే పొంగిపోయాడు. 1935లో మాస్కోలో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ ప్రదర్శన చూసి, మరుసటి ఏడాది చైనా నటన మీద వ్యాసం రాశాడు. నటుడు పాత్రని చూపిస్తూనే తన్ను తాను గమనించుకుంటున్నాడన్నది ఆయనకి దొరికిన విషయం. అక్కడి ప్రేక్షకులకి అందులో వింతేమీ లేదు, అదే వాళ్ల నాటకం. కాబట్టి దూరం పెంచే ఉపాయమేదైనా అలవాటు లేనంతవరకే పనిచేస్తుంది. నటుడు కెమెరాలోకి చూసి మాట్లాడటం సినిమాల్లో, సీరియల్స్‌లో రోజూ చూస్తున్న జనానికి నాలుగో గోడ పగలడం ఇప్పుడు వార్తే కాదు.

మీ కథకి బ్రెహ్ట్ దగ్గర ఒక మంచి సరుకు ఉంది. 1930ల చివర్లో రాసిన వ్యాసంలో ఆయన వీధి ప్రమాదం చూసిన సాక్షిని నటుడికి నమూనాగా చూపించాడు. ఆ సాక్షి గుమిగూడినవాళ్లకి డ్రైవర్ ఎలా తిప్పాడో, ముసలాయన ఎలా నడిచాడో చేసి చూపిస్తాడు. డ్రైవర్‌గా మారిపోడు. తప్పెవరిదో తేల్చడానికి ఎంత కావాలో అంతే చూపిస్తాడు. మీ నాటకం గుండెకాయ సాక్ష్యం సీన్. అక్కడ మీ నటుడు తప్పుడు సాక్షిని చూపించే నిజమైన సాక్షి కావాలి. రిహార్సల్‌లో ఆ సీన్‌ని ప్రథమ పురుషలో, భూతకాలంలో చేయించండి: 'అతను బోను పట్టుకున్నాడు. తోటివాడి వైపు చూడకుండా, అవును నేనే చూశాను అన్నాడు.' ఇది బ్రెహ్ట్ చెప్పిన కసరత్తే. నేను ఏ నాటకానికైనా కీలకమైన సీన్‌కి చేయిస్తాను, పూర్తి రియలిస్టు నాటకమైనా సరే. మళ్లీ 'నేను' అని మాట్లాడినప్పుడు నటుడి నోట్లో ఆ 'అన్నాడు' ఎక్కడో మిగిలి ఉంటుంది. వాక్యానికి ముందు రెప్పపాటు ఆగుతాడు. వేరే మాట చెప్పే అవకాశం ఆ క్షణంలో ఉండిందని ప్రేక్షకుడికి తెలుస్తుంది. అది తెలియకపోతే ఈ కథలో ఏమీ లేదు.

పనిలో పనిగా మూడో దారి గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మీవాళ్లలో ఎవరో ప్రేక్షకుల మధ్యలో నటిద్దాం అన్నారట. ఫ్రెంచి దర్శకుడు ఆర్తో అడిగింది అదే. వేదిక, హాలు అన్న గీత చెరిపేసి, జనాన్ని మధ్యలో కూర్చోబెట్టి, శబ్దంతో వెలుగుతో నరాల మీద కొట్టాలన్నాడు. ఆయన 1935లో చేసిన 'లే సెంచీ' 17 ప్రదర్శనలకే ఆగిపోయింది. రాసిన పుస్తకం మాత్రం తర్వాతి తరాలని కదిపింది. అందులో రియలిజం సున్నా, దూరమూ సున్నా. నేను మొదట్లో చెప్పిన రెండు ప్రశ్నలు వేర్వేరనడానికి అదే రుజువు. పోలండ్ దర్శకుడు గ్రొటోవ్‌స్కీ ఇంకా తెలివిగా, ప్రతి నాటకానికీ కూర్చునే చోటే మార్చాడు. 1965లో చేసిన 'కాన్‌స్టంట్ ప్రిన్స్'లో జనం చెక్క గోడ మీదుగా కిందికి తొంగిచూడాలి. చిత్రహింస చూడటానికి మెడ చాచాలి. తాము చూస్తున్నామన్న సంగతి వాళ్లకి క్షణక్షణం తెలుస్తూనే ఉంటుంది. బ్రెజిల్ దర్శకుడు బోవల్ అయితే ప్రేక్షకుడినే వేదిక ఎక్కించి, నువ్వైతే ఏం చేస్తావో చేసి చూపించు అన్నాడు. దాన్నే ఫోరం థియేటర్ అంటారు. మీ కథ దానికి చక్కగా సరిపోతుంది. కానీ అది వేరే నాటకం, వేరే తయారీ. ఇప్పుడున్న స్క్రిప్టులో ఇరికించకండి. జనం మధ్యలో నటించడం గురించి నా అనుభవం ఒక్కటే: నటుడు పక్కకొస్తే సగం మంది కథ మర్చిపోయి, నన్నేమైనా అడుగుతాడా అని బిగుసుకుంటారు. అంగుళాల్లో దగ్గర, మనసులో మైలు దూరం.

మీ నాటకానికి నేనైతే ఇలా చేస్తాను. గుమస్తా ఇల్లు, ఆఫీసు సీన్లు పూర్తి సహజంగా, హాలు చీకటిగా. భార్యతో ఖర్చుల గురించి మాట్లాడే సీన్ నెమ్మదిగా నడవనివ్వండి, అక్కడ జనం అతని పక్కనే ఉండాలి. అధికారి పిలిచి బెదిరించే సీన్‌కి బ్రెహ్ట్ నాటకం 'గెలీలియో'లో పోప్ సీన్ ఒకసారి చదవండి. గెలీలియోని విచారణకి అప్పగించనని మొదలుపెట్టిన పోప్, లాంఛనపు దుస్తులు ఒక్కొక్కటే తొడుగుతుంటే మెత్తబడుతూ వచ్చి, అన్నీ తొడిగేసరికి చిత్రహింస సాధనాలు చూపించడానికి ఒప్పుకుంటాడు. ఉపన్యాసం లేదు, బోర్డు లేదు. దుస్తులే మాట్లాడతాయి. మీ అధికారి చేతికి కూడా అలాంటి పని ఏదైనా దొరకొచ్చు. సాక్ష్యం సీన్‌లో మాత్రం హాల్లో లైట్లు సగానికి పెంచండి. పూర్తిగా వేస్తే ఇంటర్వెల్ అనుకుంటారు. పక్కవాడి ముఖం కనిపించేంత చాలు. పక్కవాడు చూస్తున్నాడని తెలిశాక మనిషి సులువుగా క్షమించడు.

బోర్డుల సంగతి. ప్రతి సీన్‌కీ పెట్టొద్దు, మూడోదానికల్లా ఎవరూ చదవరు. బ్రెహ్ట్ శీర్షికల పని జరగబోయేది ముందే చెప్పేయడం. 'ఏమవుతుంది' అన్న ఉత్కంఠ పోయి, 'ఎలా చేస్తాడు' అన్నది మిగులుతుంది. మీకు అది కావాల్సింది ఒక్క చోటే. సాక్ష్యం సీన్‌కి ముందు 'ఇతను ఇప్పుడు అబద్ధం చెబుతాడు' అని ఒక్క వాక్యం వేయండి. విశేషణాలు వద్దు, నీతి వద్దు. నటుడు దాన్ని చూడకూడదు. అక్షరాలు చివరి వరుసకి కనిపించాలి, అతను నోరు తెరిచే దాకా అక్కడే ఉండాలి. తీసేసే సమయం మీ లైట్ల ఆయన చేతిలో పెట్టండి. అందుకే ఆయన్ని చివరి వారంలో పిలవకుండా, ఆ సీన్ రిహార్సల్ మొదలైన రోజు నుంచే కూర్చోబెట్టుకోండి.